డిస్కు బ్రేకుతో ఫిక్స్‌డ్ గేర్ సైకిల్: రోజువారీ ప్రయాణానికి అమర్చుకోవడం, తొక్కడం

కాళ్లు ఆపినా చక్రం తిరగనిచ్చే ఫ్రీవీలు లేకుండా, వెనుక పళ్లచక్రం నేరుగా హబ్‌కు, అంటే చక్రం నడిమి భాగానికి, బిగించి ఉండే సైకిల్‌ను ఫిక్స్‌డ్ గేర్ అంటారు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి. పెడళ్లను వెనక్కి ఒత్తిపడితే చక్రం నెమ్మదిస్తుంది. కాళ్లు ఆపుకుని వాలులో జారిపోవడం మాత్రం కుదరదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్నటువంటి వెలొడ్రోమ్‌ల మీద, అంటే సైకిల్ పందేల ట్రాకుల మీద, పందేలకు వాడే ఇలాంటి సైకిళ్లకు బ్రేకులే ఉండవు. అక్కడ అందరూ ఒకే దిక్కుకు పోతారు, అడ్డం వచ్చేవారు ఉండరు, కనుక అది చెల్లుతుంది. రోడ్డు మీద చెల్లదు.

నేను ఆరేళ్లుగా మెహదీపట్నం నుంచి టోలిచౌకి, షేక్‌పేట, రాయదుర్గం మీదుగా గచ్చిబౌలికి రోజూ వెళ్లి వస్తున్నది ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ మీదే. గేర్లు మార్చే యంత్రాంగం లేకపోవడం వల్ల చెడిపోయే భాగాలు తక్కువ, వానలో కూడా బ్రేకు నమ్మకంగా పడుతుంది, చక్రానికీ కాలికీ మధ్య సంబంధం తెగదు కనుక తడి రోడ్డు మీద టైరు పట్టు సడలడం పాదానికే ముందు తెలుస్తుంది. అయితే ఇలాంటి సైకిల్‌ను సమకూర్చుకోవడంలో వచ్చే చిక్కులు చాలావరకు ఒకే చోట పుడతాయి. చైను బిగువుగా ఉండాలంటే వెనుక చక్రం ముందుకూ వెనక్కూ జరగగలగాలి. డిస్కు సరిగా పనిచేయాలంటే చక్రం ఉన్నచోటి నుంచి వెంట్రుకవాసి కూడా జరగకూడదు. ఈ రెంటినీ ఎలా పొసగించాలో తేల్చుకున్న తరువాతే సామాను కొనడం మొదలుపెట్టాలి.

ముందుగా బ్రేకు లెక్క తేల్చుకోవాలి

కాళ్లతో చక్రాన్ని నెమ్మదింపజేయడాన్ని పూర్తి బ్రేకు అనుకోవడం ప్రమాదకరం. సైకిల్ వేగం తగ్గేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనుక చక్రం తేలికవుతుంది, తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా ఆపినా అది జారుతుందే తప్ప సైకిల్ త్వరగా ఆగదు. ముందు బ్రేకు సరిగా వాడితే ఆగే దూరం, వెనుక చక్రం ఒక్కదానితో ఆగే దూరంలో దాదాపు సగానికి వస్తుంది. బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనలు ఫిక్స్‌డ్ చక్రాన్ని వెనుక బ్రేకుగా ఒప్పుకుంటూనే, ముందు చక్రానికి వేరే బ్రేకు ఉండి తీరాలంటాయి. 2016లో లండన్‌లోని ఓల్డ్ స్ట్రీట్‌లో ముందు బ్రేకు లేని ఫిక్స్‌డ్ సైకిల్ ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించారు. మరుసటి ఏడాది తొక్కిన యువకుడికి 18 నెలల శిక్ష పడింది. మన దగ్గర అడిగేవారు లేరు కదా అని ముందు బ్రేకు తీసేసి తిరిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: దయచేసి పెట్టించుకోండి.

అందువల్ల నా సలహా ఇది: ముందు చక్రానికి డిస్కు, వెనుక ఫిక్స్‌డ్ పళ్లచక్రం, అంతే. నగరంలో పనికి వెళ్లి వచ్చేవారిలో ఎక్కువమందికి ఈ అమరిక చాలు, చైను బిగువుకూ డిస్కుకూ మధ్య ఉన్న పేచీ కూడా దీనితో తీరిపోతుంది, ఎందుకంటే వెనుక చక్రాన్ని ఎంత జరిపినా ముందు డిస్కుకు సంబంధం లేదు. విశాఖలో కైలాసగిరి లాంటి కొండ దారి రోజూ దిగేవారు, బరువులు మోసేవారు, చైను తెగితే వెనుక ఏ బ్రేకూ మిగలదన్న జాగ్రత్త ఉన్నవారు వెనుక కూడా డిస్కు పెట్టుకోవచ్చు. వారికి కావలసిన ఫ్రేము గురించి కింద చెబుతాను.

ఫ్రేము, ఫోర్కు

డిస్కు కోసం తయారుచేసిన ఫోర్కునే వాడాలి. మామూలు ఫోర్కుకు కాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టుకునే భాగం) బిగించే ముక్కను వెల్డింగ్ చేయించడం, క్లాంపుతో తగిలించడం చేయకూడదు. డిస్కు బ్రేకు లాగే బలమంతా ఫోర్కు ఎడమ కాలి అడుగుభాగం మీద పడుతుంది, మామూలు ఫోర్కు అక్కడ సన్నగా ఉంటుంది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. కాలిపర్ ఫోర్కు వెనుక ఉన్నప్పుడు బ్రేకు పట్టిన ప్రతిసారీ యాక్సిల్‌ను, అంటే చక్రం ఇరుసును, గాడిలోంచి కిందికి నెట్టే బలం పుడుతుంది. ఇరుసు రంధ్రాల గుండా దూరి మరతో బిగిసే 12 మి.మీ. త్రూ యాక్సిల్ ఉన్న ఫోర్కు దొరికితే ఈ బెంగ లేదు. పానా లేకుండా లీవరుతో బిగించే క్విక్ రిలీజ్ అయితే లీవరు మూసేటప్పుడు అరచేతిలో ముద్ర పడేంత గట్టిగా ఉండాలి, చక్రం జారకుండా ఫోర్కు కొసల్లో ఉండే చిన్న అంచులను ఎవరూ అరగదీయకూడదు.

వెనుక భాగంలో యాక్సిల్ కూర్చునే గాడి, అంటే డ్రాపౌట్, ఎటు తెరుచుకుని ఉందో చూడాలి. వెనక్కి తెరుచుకున్న అడ్డగాడి ఉంటే చక్రాన్ని లాగి చైను బిగించవచ్చు. కిందికి తెరుచుకున్న నిలువుగాడి ఉంటే లాగడానికి వీలులేదు. గేర్ల సైకిళ్లకు పెట్టే స్ప్రింగు టెన్షనర్ ఇక్కడ పనికిరాదు, కాళ్లు వెనక్కి ఒత్తినప్పుడు చైను కింది భాగమే బిగుస్తుంది కనుక అది విరిగిపోతుంది లేదా చైను ఊడుతుంది. అలాంటి ఫ్రేముకు ఎక్సెంట్రిక్ బాటమ్ బ్రాకెట్ కావాలి. అందులో క్రాంకు (పెడల్‌ను మోసే కాడ) ఇరుసే కొద్దిగా ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వెనుక చక్రం కదలదు, కనుక వెనుక డిస్కుకు ఇది అన్నిటికంటే మంచి ఏర్పాటు. రెండో మార్గం జరిగే డ్రాపౌట్లు, వాటిలో కాలిపర్ కూడా యాక్సిల్‌తో పాటే జరుగుతుంది. మామూలు అడ్డగాడి ఫ్రేముకు వెనుక డిస్కు పెడితే మాత్రం చైను బిగించిన ప్రతిసారీ కాలిపర్ మళ్లీ సర్దుకోవలసి వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి రోడ్డు పక్కన పంక్చరు వేసుకునేవారికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

వెనుక హబ్: అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన చోటు

అసలైన ట్రాక్ హబ్‌కు రెండు మెట్ల మర ఉంటుంది. లోపలి పెద్ద మెట్టు మీద పళ్లచక్రం మామూలు కుడి మరతో బిగుస్తుంది. బయటి చిన్న మెట్టు మీద లాక్‌రింగ్ ఎడమ మరతో బిగుస్తుంది. కాళ్లు వెనక్కి ఒత్తినప్పుడు పళ్లచక్రం విప్పుకోబోతే, ఎడమ మర ఉన్న లాక్‌రింగ్ దానితో పాటు తిరగబోయి ఇంకా బిగుస్తుంది. పాత సైకిల్ హబ్‌లలో ఫ్రీవీలుకు ఉండే మర ఒకటే ఉంటుంది, రెండో మెట్టు ఉండదు. ఫిక్స్‌డ్ పళ్లచక్రం దాని మీద చక్కగా ఎక్కుతుంది, అందుకే చాలామంది మోసపోతారు.

నేనూ మోసపోయాను. మొదటి సైకిల్‌కు ఒక దుకాణంలో ఫ్రీవీలును వెల్డింగ్ చేసి, మామూలు హబ్ మీద బిగించి, ఇదే ఫిక్స్‌డ్ అని ఇచ్చారు. మూడో రోజు టోలిచౌకి దగ్గర వాలులో ఆగడానికి కాళ్లు వెనక్కి ఒత్తాను. ఒక్క క్షణం బిగువు తగిలింది, తరువాత పెడళ్లు ఖాళీగా వెనక్కి తిరిగాయి, పళ్లచక్రం మర విప్పుకుని చైను స్పోకుల వైపు పడింది. ముందు బ్రేకు ఉండబట్టి డివైడరు ముందు ఆగగలిగాను. లాక్‌రింగ్ లేని హబ్ మీద ఫిక్స్‌డ్ తొక్కడమంటే కొరివితో తల గోక్కోవడమే.

మరతో బిగించే పద్ధతి ఇలా ఉంటుంది. మరను గుడ్డతో శుభ్రం చేసి పలుచగా గ్రీజు రాయాలి. పళ్లచక్రాన్ని చేత్తో తిప్పి ఎక్కించాలి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా విప్పి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే మర చెడుతుంది. చైన్‌విప్‌తో, అంటే చైను ముక్క తగిలించిన పిడితో, ఒంటి బరువంతా వేసి బిగించాలి. లాక్‌రింగ్ ఎక్కించి దాని పానాతో ఎడమవైపుకు బిగించాలి. తరువాత దగ్గరలోని ఎత్తు మీద, సీటు మీంచి లేచి, కాళ్లతో వెనక్కి ఒత్తకుండా ముందుకు మాత్రమే బలంగా తొక్కుతూ ఎక్కాలి. ఆ బలానికి పళ్లచక్రం ఇంకొంచెం బిగుస్తుంది. ఇంటికి వచ్చి లాక్‌రింగ్‌ను మళ్లీ బిగిస్తే పావు చుట్టు తిరుగుతుంది. ఆ పావు చుట్టే ఎంతో ముఖ్యం, దాన్ని వదిలేయవద్దు.

ఇంకొక పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ఆరు బోల్టుల డిస్కు హబ్ ఉన్న ఏ వెనుక చక్రాన్నైనా తిప్పి పెట్టి, డిస్కు ఉండవలసిన చోట అదే ఆరు రంధ్రాలకు సరిపోయే పళ్లచక్రాన్ని బోల్టులతో బిగించడం ఆ పద్ధతి. ఆ రంధ్రాలన్నీ 44 మి.మీ. వ్యాసం గల వలయం మీద ఉంటాయి, బోల్టులు ఎం5 కొలత. డిస్కు బ్రేకు బలాన్ని తట్టుకోవడానికే చేసిన చోటు కనుక పళ్లచక్రం బలాన్నీ తట్టుకుంటుంది, మర ఊడుతుందన్న భయం అసలే లేదు. చక్రాన్ని తిప్పి పెట్టినా రిమ్ము నడిమధ్యే ఉంటుంది, స్పోకులు సర్దనక్కరలేదు. టైరుకు దిక్కు గుర్తు ఉంటే మాత్రం టైరును తిప్పి ఎక్కించాలి. బోల్టులకు, వదులు కాకుండా పట్టే నీలిరంగు జిగురు థ్రెడ్‌లాకర్‌ను ఒక్కో చుక్క వేసి, ఎదురెదురు బోల్టులను జతలుగా కొద్దికొద్దిగా బిగిస్తూ వచ్చి, చివర టార్క్ రెంచితో 6 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. ఈ పద్ధతిలో వెనుక డిస్కుకు చోటు మిగలదు. రెండూ కావాలంటే ఒక వైపు డిస్కు, రెండో వైపు ఫిక్స్‌డ్ అమరిక ఉండేలా ప్రత్యేకంగా చేసిన 135 మి.మీ. వెడల్పు హబ్ తెప్పించుకోవాలి.

ఫిక్స్‌డ్ చక్రం అయినా డిస్కు చక్రం అయినా స్పోకులు ఒకదానినొకటి దాటుతూ అల్లినవై ఉండాలి. నేరుగా హబ్ నుంచి రిమ్ముకు పోయే స్పోకుల అల్లిక, హబ్‌ను మెలిపెట్టే బలాన్ని మోయలేదు.

చైన్‌లైను, గేరు

ముందు చైన్‌వీలు, వెనుక పళ్లచక్రం ఒకే గీత మీద ఉండాలి. ముందు వైపు కొలవడానికి సీటు ట్యూబు అంచు నుంచి చైన్‌వీలు పళ్ల మధ్యవరకు స్కేలుతో కొలిచి, ట్యూబు వ్యాసంలో సగం కలపాలి. వెనుక కొలవడానికి డ్రాపౌట్ల మధ్య వెడల్పులో సగం తీసుకుని, డ్రాపౌట్ లోపలి అంచు నుంచి పళ్ల మధ్యవరకు ఉన్న దూరాన్ని తీసేయాలి. నా సైకిల్‌కు 135లో సగం 67.5, అందులోంచి 16 తీసేస్తే 51.5 మి.మీ. వచ్చింది. ట్రాక్ క్రాంకులు సాధారణంగా 42 మి.మీ. గీతకు చేసినవి, కాబట్టి డిస్కు హబ్‌కు అవి సరిపడవు, మౌంటెన్ బైకు క్రాంకు తీసుకోవాలి. రెండు కొలతలకూ మధ్య తేడా 2 మి.మీ. మించితే నేను ఒప్పుకోను, ఎందుకంటే మామూలు సైకిల్‌కు చైను ఊడితే చేతులు నల్లబడతాయి, ఫిక్స్‌డ్ సైకిల్‌కు చైను ఊడి ఇరుక్కుంటే వెనుక చక్రం బిగుసుకుపోతుంది.

గేరు విషయంలో హైదరాబాద్ దారులు ఎగుడుదిగుడు కనుక, 32 మి.మీ. టైరుతో ముందు 44 పళ్లు, వెనుక 17 పళ్లు నాకు సరిగ్గా కుదిరాయి. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 5.58 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 20 కి.మీ., 90 చుట్లు తొక్కితే 30, వాలులో 120 చుట్లు పడితే 40. ఈ లెక్క గుర్తుంటే వేగం కొలిచే పరికరం అక్కరలేదు. కొత్తవారికి, బరువు మోసేవారికి 42, 18 పళ్ల జత ఇంకా సుఖంగా ఉంటుంది. 48, 16 లాంటి జతను తీసుకోవద్దు: ముందు పళ్లు వెనుక పళ్లకు సరిగ్గా మూడు రెట్లు కావడం వల్ల కాళ్లతో గట్టిగా ఆపిన ప్రతిసారీ టైరులో ఒకే చోటు రోడ్డుకు రాసుకుని అరుగుతుంది. 44, 17 జతలో ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుంటుంది.

క్రాంకు పొడవు 165 మి.మీ. మించకపోవడం మంచిది. మలుపులో పెడల్ ఆగదు కనుక, పొడవైన క్రాంకు రోడ్డుకు తగులుతుంది.

ముందు డిస్కు బిగించడం

రోజూ తిరిగే సైకిల్‌కు 160 మి.మీ. డిస్కు చాలు. కేబులుతో పనిచేసే కాలిపర్‌ను నేను ఎంచుకున్నాను. కేబులు తెగితే ఏ ఊరి సైకిల్ షాపులోనైనా దొరుకుతుంది. నూనెతో పనిచేసే బ్రేకు చేతికి మెత్తగా ఉంటుంది, బలంగా పట్టుకుంటుంది, కానీ మినరల్ ఆయిల్‌తో నడిచే దానిలో డాట్ అనే వేరే రకం బ్రేకు ద్రవం పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి, చక్రం తీసినప్పుడు పొరపాటున లీవరు నొక్కితే ప్యాడ్లు మూసుకుపోతాయి.

డిస్కు మీద బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకు ఉండేలా పెట్టి, ఆరు బోల్టులను పైన చెప్పినట్టే ఎదురెదురుగా బిగించాలి. వేళ్ల జిడ్డు కూడా డిస్కుకు అంటకూడదు. అంటితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చక్రం ఎక్కించి, కాలిపర్ రెండు బోల్టులను వదులు చేసి, లీవరు గట్టిగా నొక్కిపట్టి, ఆ స్థితిలోనే రెండు బోల్టులను మార్చిమార్చి బిగించాలి. తరువాత తెల్లకాగితం వెనుక పెట్టి డిస్కుకు రెండు వైపులా సన్నని వెలుతురు గీత కనిపిస్తుందో లేదో చూడాలి. ఒక్క ప్యాడే కదిలే రకం కాలిపర్‌లో కదలని లోపలి ప్యాడ్‌ను డిస్కుకు వీలైనంత దగ్గరగా తేవాలి, లేకపోతే బ్రేకు పట్టినప్పుడల్లా డిస్కు పక్కకు వంగుతుంది.

కొత్త ప్యాడ్లు మొదటి రోజే పట్టవు. వాహనాలు లేని రోడ్డు మీద గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగం వరకు, చక్రం బిగుసుకోకుండా, ఇరవైసార్లు తగ్గిస్తే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలుచగా పరుచుకుంటుంది. పదో సారికి పట్టు మారడం చేతికి తెలుస్తుంది.

లీవరు ఏ చేతికి అన్న ప్రశ్న ఉంది. మన సైకిళ్లకు ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది, కుడివైపు తిరిగేటప్పుడు చూపవలసినదీ కుడిచేయే. బ్రేకు ఒక్కటే ఉన్న సైకిల్‌కు ఎడమచేతికి పెట్టడంలో అర్థం ఉంది. అయినా చిన్నప్పటి నుంచి చేతికి పడిన అలవాటు ఆపదలో అదే పనిచేస్తుంది కనుక నేను కుడివైపే ఉంచుకుని, చేయి చూపేముందే కాళ్లతో వేగం తగ్గించుకుంటాను.

చైను బిగువు

యాక్సిల్ నట్లు సగం బిగించి చక్రాన్ని వెనక్కి లాగి, క్రాంకును నెమ్మదిగా తిప్పుతూ చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదపాలి. ఏ చైన్‌వీలూ పూర్తిగా గుండ్రంగా ఉండదు, కనుక ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. అతి బిగువైన చోట కూడా చైను కొద్దిగా ఆడాలి, అతి వదులైన చోట ఒకటిన్నర సెంటీమీటరు మించి ఊగకూడదు. తీగలా బిగిస్తే బేరింగులు అరుగుతాయి. నట్లను ఎడమ, కుడి మార్చిమార్చి బిగించి, రిమ్ము ఫ్రేము నడుమ ఉందో లేదో చూసుకోవాలి. 15 మి.మీ. పానా ఎప్పుడూ సంచిలో ఉండాలి, అది లేకుండా పంక్చరు వేయలేరు.

తొక్కడం నేర్చుకోవడం

పెడళ్లకు పట్టీలు మొదటి రోజు నుంచే ఉండాలి, కొంచెం వదులుగా. పట్టీ లేకపోతే వాలులో పెడల్ పాదం కింది నుంచి జారి పిక్కకు కొడుతుంది. ఖాళీ మైదానంలో గాని, ఉదయం ఆరింటికి కాలనీ రోడ్ల మీద గాని వారం రోజులు తిరగండి.

బయలుదేరేటప్పుడు ముందు చక్రం బ్రేకు పట్టుకుని, సైకిల్‌ను ముందుకు ఒత్తితే వెనుక చక్రం కాస్త లేస్తుంది. అప్పుడు పాదంతో పెడల్‌ను కావలసిన చోటికి తెచ్చుకోవచ్చు. ఆగేటప్పుడు మొదట పెడళ్లు తిరిగే ఊపును పిక్కలతో కాక తొడలతో నిలువరించాలి, వెంటనే ముందు బ్రేకును క్రమంగా పెంచాలి. మొదటి వారంలో ఒక్కసారైనా తెలియకుండా కాళ్లు ఆపబోతారు, సీటు మిమ్మల్ని పైకి విసిరినట్టు అవుతుంది. ఆ క్షణంలో కాళ్లను వదిలేసి చక్రంతో పాటు తిరగనివ్వాలి, బిగబట్టకూడదు.

స్పీడ్ బ్రేకరు విషయం మనవాళ్లు ప్రత్యేకంగా సాధన చేయాలి. పది అడుగుల ముందే వేగం తగ్గించి, రెండు పెడళ్లూ నేలకు సమంగా వచ్చే క్షణానికి ముందు చక్రం గుట్ట ఎక్కేలా లెక్క చూసుకుని, సీటు మీంచి కొద్దిగా లేచి దాటాలి. లెక్క తప్పితే కింది పెడల్ గుట్టకు గీసుకుంటుంది. మలుపులోనూ అంతే: వేగం మలుపుకు ముందే తగ్గాలి, సైకిల్‌ను తక్కువగా వంచి, ఒంటిని లోపలికి వంచాలి. షేక్‌పేట వాలులాంటి దారిలో కాళ్లు నిమిషానికి 110 చుట్లు దాటకముందే ముందు బ్రేకును తేలికగా పట్టడం మొదలుపెట్టాలి, దాటాక పట్టడం కష్టం.

వాన, సామాను, దుస్తులు

వానలో రిమ్ము బ్రేకు మొదటి ఒకటి రెండు చుట్లు నీటిని తుడవడంతోనే సరిపోతుంది. డిస్కు నేలకు ఎత్తుగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. కానీ బురదలోని ఇసుక మెత్తని ప్యాడ్లను త్వరగా తింటుంది. వానాకాలంలో రెండు వారాలకోసారి చూసి, ప్యాడ్ పదార్థం 1 మి.మీ. కన్నా తగ్గితే మార్చేయండి. నిండు మడ్‌గార్డులు తప్పనిసరి. వెనుక డిస్కు లేకపోతే ఏ క్యారియరైనా పడుతుంది. ఉంటే కాలిపర్‌కు తగలని కాళ్లున్నదే కొనాలి. రాత్రి ప్రయాణం రోజూ ఉన్నవారికి డిస్కు అమరే డైనమో హబ్ మంచి పెట్టుబడి, సిగ్నల్ దగ్గర ఆగినా కొంతసేపు వెలిగే దీపాన్ని దానికి జత చేయాలి.

చున్నీ, చీర కొంగు, లుంగీ, వదులు ప్యాంటు, బూటు లేసులు చైనులో పడితే ఫిక్స్‌డ్ సైకిల్ ఆగదు, వాటిని లాక్కుంటూ పోతుంది. చైన్‌గార్డు పెట్టించుకోవాలి, లేసులు లోపలికి దోపుకోవాలి.

శుభ్రం చేయడం, అరుగుదల చూడడం

చక్రం తిరుగుతుండగా చైనును గుడ్డతో పట్టుకుని తుడవకూడదు. గుడ్డ పళ్లచక్రంలో పడితే వేలిని కూడా లాక్కుపోతుంది, వెనుక చక్రం ఊపుకు అది ఆగదు, వేళ్లు తెగిపోయినవారు ఉన్నారు. సైకిల్‌ను కదలకుండా నిలిపి, ఎదుట ఉన్న చైను ముక్కను తుడిచి, చేయి తీసి, క్రాంకు కొంచెం తిప్పి, మళ్లీ తుడవాలి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి. తిరిగే డిస్కు రంధ్రాలూ అంతే ప్రమాదం. చైనుకు నూనె వేసేటప్పుడు ముందు చక్రం మీద పాత సంచి కప్పితే డిస్కు మీద చుక్క పడదు. స్ప్రే నూనెలు వాడకపోవడమే మేలు, ఒక్కసారి నూనె పీల్చుకున్న ప్యాడ్లు మళ్లీ పనికిరావు.

నెలకోసారి లాక్‌రింగ్‌ను గాని ఆరు బోల్టులను గాని పానాతో పరీక్షించండి. పెడల్‌ను నిలిపి పట్టి చక్రాన్ని ముందుకూ వెనక్కూ కదిపితే టిక్కుమని చప్పుడు వస్తే, ఏదో వదులైందన్నమాట, అది తేలేదాకా తొక్కవద్దు. చైను అరుగుదలకు ఉక్కు స్కేలు చాలు: కొత్త చైనులో ఒక పిన్ను మధ్య నుంచి 24 పిన్నుల తరువాతి పిన్ను మధ్యవరకు సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా ఆగితే పళ్లచక్రం కూడా అరిగిపోయి ఉంటుంది, అప్పుడు రెండూ కలిపే మార్చాలి.